జ్వరానికీ ఒక సర్వే నెంబరు ఉంటుంది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్ని జబ్బుల గురించి, కొన్ని స్థలాల గురించి. రెండు కట్టలుగా విడదీద్దామని కూర్చుంటే కుదరలేదు. జబ్బు గురించి రాసినవాళ్లు రెండో పేజీలో స్థలం దగ్గరికొచ్చారు, స్థలం గురించి రాసినవాళ్లు ఆసుపత్రి దగ్గర తేలారు. మున్సిపాలిటీ ఆరోగ్య విభాగంలో వీధులు తిరిగి రిటైరైనదాన్ని నేను. అందుకే ఎడిటరుగారు ఈ కట్ట మొత్తం నాకే పంపారు.

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి రూరల్‌లో ఒక లేఅవుట్. వెనక చెరువు కట్ట, పక్కన వాననీళ్లు పారే వంక. 2021 నవంబరు వానలకు ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లొచ్చాయి. ఏటా కార్తీకం దాటేలోపు వీధిలో ముగ్గురు నలుగురికి జ్వరాలు. పోయిన ఏడు మా పాపకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఇప్పుడు వంక అవతలి పొలాన్ని వ్యవసాయ జోన్ నుంచి నివాస జోన్‌కు మారుస్తామని, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపాలని పేపర్లో చిన్న ప్రకటన వచ్చింది. అక్కడా ఇళ్లు లేస్తే నీళ్లు యాడికి పోతాయని నా భయం. నేను రాస్తానంటే మా ఆయన నవ్వుతున్నాడు. "జ్వరాలకూ జోన్‌కూ ఏం సంబంధం? నువ్వు డాక్టరువా, ఇంజనీరువా?" అంటాడు. రాయొచ్చా? రాస్తే ఏం రాయాలి?
— పేరు వద్దన్న గృహిణి, తిరుపతి రూరల్ మండలం

జవాబు: రాయొచ్చు తల్లీ. ప్రకటన ఇంకోసారి చదువు. అభ్యంతరాలు, సూచనలు తెలపవచ్చు అని ఉంటుందే గానీ, డాక్టర్లూ ఇంజనీర్లే తెలపాలని ఎక్కడా ఉండదు.

మీ ఆయన ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు. ఆఫీసులోనూ అదే అడుగుతారు. జవాబు సిద్ధంగా పెట్టుకో.

లేఅవుట్‌లో రోడ్లు గీశారు, ప్లాట్లు అమ్మారు, ఇళ్లు లేచాయి. తాగునీటి పైపు రాలేదు. వచ్చినా రోజు విడిచి రోజు. దాంతో ప్రతి ఇంటి ముందూ ఒక నీలం డ్రమ్ము, వెనక సిమెంటు తొట్టి, కింద సంపు. డెంగీ తెచ్చే ఈడిస్ దోమకు మురుగుతో పనిలేదు, మనం పట్టి పెట్టుకున్న మంచినీళ్లే దానికి కావాలి. నీటి అంచుకు కాస్త పైన, డ్రమ్ము గోడకు గుడ్లు అంటిస్తుంది. చూడటానికి మసి రేణువుల్లా ఉంటాయి. డ్రమ్ము ఒంపేసి బోర్లించినా అవి చావవు. నెలల తరబడి ఎండి ఉండి, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. అందుకే శుక్రవారం డ్రై డే అంటే నీళ్లు పారబోయడమే కాదు, కొబ్బరిపీచుతో గోడ రుద్దాలని ఇల్లిల్లూ తిరిగి మొత్తుకునేవాళ్లం. మూత తీసి టార్చి వేసి చూడు. తలకిందులుగా వేలాడుతున్న పురుగులు నీ నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోతాయి. కదలకుండా నిలబడితే గాలి కోసం మళ్లీ పైకి తేలుతాయి. గుడ్డు దోమ కావడానికి మన వేడికి వారం, పది రోజులు పడుతుంది. ఆ దోమ ఊళ్లు దాటి పోదు. పుట్టిన చోటికి రెండు మూడు వీధుల లోపలే తిరిగి పగటిపూట కుడుతుంది.

కాబట్టి మీ పాపకు కుట్టిన దోమ మీ వీధిలోనో, పాప చదివే బడి దగ్గరో పుట్టిందే. మీ వీధిలో నీళ్లు డ్రమ్ముల్లో దాచుకోవాల్సిన గతి ఎట్లా పట్టింది? పైపు రాకముందే ప్లాట్లు అమ్ముకోనిచ్చారు కాబట్టి. జ్వరానికీ జోన్‌కూ ఉన్న సంబంధం ఇదే, మీ ఆయనకు ఈ వరసలోనే చెప్పు. మందు కొట్టే మనిషి వచ్చి పొగ వదిలి పోతే ఎగిరే దోమలు కొన్ని చస్తాయి. డ్రమ్ము డ్రమ్ముగానే ఉంటుంది.

ఇక వంక. 2021 నవంబరు మూడోవారంలో తిరుపతిలో ఏం జరిగిందో నీకు నేను చెప్పక్కర్లేదు. కొండ దారులు మూసేశారు, పల్లపు కాలనీలు మునిగాయి, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకేజీ పడితే కింద ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. నీళ్లు తీసిన రెండు మూడు వారాలకు మొదలయ్యే జబ్బుల గురించి మాత్రం టీవీలో రాలేదు. సెప్టిక్ ట్యాంకులు పొంగి సంపుల్లో, బోర్లలో కలిస్తే వాంతులు, విరేచనాలు. ఎలుకలు తిరిగిన బురదలో ఉత్త కాళ్లతో నడిస్తే లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం. ఆ తర్వాత, ఇళ్ల చుట్టూ మిగిలిన నీటి గుంటల్లో దోమలు.

చట్టం ఈ సంగతి ఎరగదని కాదు. 2017 భవన నిర్మాణ నియమాల్లో పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకైతే ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు నుంచి, 30 మీటర్లు వదలాలని ఉంది. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. పది మీటర్లకు మించి వెడల్పున్న వంకకు 9 మీటర్లు, సన్న వంకకు 2 మీటర్లు. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ వెడల్పును ఎండాకాలంలో కొలిచిన మనిషి చూసిన వంక వేరు, నవంబరులో నువ్వు చూసిన వంక వేరు. చెరువు నిండి మొరవ పోయినప్పుడు నీళ్లు ఏ ఇంటి గోడదాకా వచ్చాయో సర్వేయరు చైనుకు తెలియదు. నీకూ, మీ పక్కింటామెకూ తెలుసు. మీరు రాయాల్సింది అదే.

ఎట్లా రాయాలంటే, ముందు ఒక పెద్ద చార్టు పేపరు తెప్పించు. లేఅవుట్ నకలు చూసి వీధులు, వంక, చెరువు కట్ట, బడి, ఆర్వో ప్లాంటు గీయండి. బొట్టుబిళ్లల అట్టలు మూడు రంగులవి కొను. జ్వరం వచ్చిన ఇంటికి ఎరుపు, 2021లో నీళ్లొచ్చిన ఇంటికి నీలం, రోజూ నీళ్లు నిలిచే చోటికి నలుపు. పేర్లు రాయొద్దు, ఇంటి నెంబర్లూ వద్దు. సాయంత్రం ఆరు తర్వాత రామాలయం దగ్గర పరిచి అందరితో అంటించండి. పదకొండు గంటలకు మీటింగు పెడితే రిటైరైన మగవాళ్లు తప్ప ఎవరూ రారు. కొండమీద షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, అద్దెకున్నవాళ్లు రాకపోతే పటం సగమే అవుతుంది. అద్దె ఇళ్లలోనే డ్రమ్ములెక్కువ, ఆ ఇళ్ల మాటే మీటింగుల్లో వినిపించదు. పాలవాణ్ణి, చెత్తబండి ఆమెను కూడా పిలువు. ఏ వీధి మలుపులో బండి దిగబడుతుందో వాళ్లు కళ్లు మూసుకుని చెబుతారు.

మీ వాట్సాప్ గ్రూపులో వరద వీడియోలు వందొస్తాయి, వాటిని తీసిన వీధి పేరు ఒక్కదానికీ ఉండదు. ఎవరివో అడిగి, తేదీ, చోటు రాసి నాలుగు ఫోటోలు ప్రింటు వేయించండి. నాలుగు చాలు.

తర్వాత అర్జీ. "మా ప్రాణాలు కాపాడండి మహాప్రభో" అని రాస్తే దానికి ఎవరూ జవాబివ్వక్కర్లేదు. చోటు, ఇబ్బంది, కోరుతున్న మార్పు ఈ వరసలో రాస్తే ఫైల్లో ఏదో ఒకటి రాసి తీరాలి. నేనైతే ఇట్లా రాస్తాను:

"ప్రకటనలో చూపిన ఫలానా సర్వే నెంబరుకూ మా లేఅవుట్‌కూ మధ్య వంక ఉంది. 2021 నవంబరులో వంక నీళ్లు పటంలో నీలం గుర్తున్న ఇళ్లలోకి వచ్చాయి. ఫోటోలు జతపరిచాము. గత రెండు వానాకాలాల్లో జ్వరాలు వచ్చిన ఇళ్లకు ఎరుపు గుర్తు పెట్టాము. అవి ఎక్కువగా పైపు నీరు రాని వీధుల్లోనే ఉన్నాయి. అవతల నివాసాలు వస్తే ఆ నీటికి దారి ఎటో చూపనంతవరకు జోన్ మార్చవద్దని కోరుతున్నాము. మార్చదలిస్తే, వంకను కొలిచి హద్దురాళ్లు నాటాలి. తాగునీటి లైను, మురుగు కాలువ పూర్తయ్యాకే ప్లాట్లు అమ్మాలి. మురుగు వంకలో కలపకూడదు."

ఇంకో షరతు కూడా చేర్చు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలాలి కదా, అమ్ముడుపోని పల్లపు మూలను చూపించి పార్కు అనేస్తారు. పల్లాన్ని నీళ్లకు వదలండి, పిల్లలకు మెరక మీద ఇవ్వండి అని అడుగు. ఎరుపు చుక్కలు ఎక్కువ లేని వీధిలో పైపు ఉందో లేదో కూడా చూసి రాయి. నీకు అనుకూలంగా లేని చుక్కను దాస్తే, దాన్ని వాళ్లే పట్టుకుని మొత్తం పటాన్ని పక్కన పడేస్తారు.

అర్జీని ప్రకటనలో రాసిన అధికారికే ఇవ్వాలి. మీది తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, పరిధి కాబట్టి అక్కడే అయి ఉంటుంది, అయినా చూసుకో. చేత్తో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నెంబరు వేయించుకో. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం కదా అని ఊరుకుంటే అది వేరే దారిలో పోయి "సంబంధిత శాఖకు పంపడమైనది" అని మూసుకుంటుంది. అభ్యంతరం లెక్కలోకి రాదు. సమాచార హక్కు కింద ముందు కాగితాలు అడుగుదాం అంటారు కొందరు తెలివైనవాళ్లు. దానికి జవాబివ్వడానికే ముప్పై రోజుల గడువుంది, మీ గడువు పదిహేను. ముసాయిదా పటాన్ని ఆఫీసుకెళ్లి కళ్లతో చూసి, ఫోటో తీసుకుని రండి.

రాస్తే ఒరిగేదేముంది అని మీ ఆయన మళ్లీ అంటాడు. తిరుపతివాళ్లకు ఆ మాట అనే హక్కు లేదు. అవిలాల, పేరూరు చెరువు భూములను ఇళ్లకోసం ఇచ్చేస్తే, ఇంటలెక్చువల్స్ ఫోరమ్ అనే మన ఊరి సంఘమే హైకోర్టులో ఓడిపోయినా వదలకుండా సుప్రీంకోర్టుకు పోయింది. 2006 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. చెరువులను ప్రభుత్వం ప్రజల తరఫున కాపాడాల్సిన ఆస్తిగా చూడాలని, అక్కడ ఇక కొత్త కట్టడాలు వద్దని, కట్టిన ఇళ్ల కప్పుల మీద పడే వాననీటిని భూమిలోకి దింపాలని చెప్పింది. ఆ భూములను ఇచ్చేసిన ఉత్తర్వులు 1991లో, 1994లో వచ్చాయి. తీర్పు వచ్చేసరికి కట్టినవి కట్టినట్టే ఉండిపోయాయి. అందుకే ఇటుక పడకముందు ఇచ్చే రెండు పేజీల అర్జీ, ఇటుక పడ్డాక వచ్చే తీర్పుకన్నా నాకు ముద్దు.

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు రూరల్. ఊళ్లో బడికీ అంగన్‌వాడీకీ ఎదురుగా మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి స్థలం కొన్నారు. పబ్లిక్ హియరింగ్ పెట్టాల్సిందే అని కుర్రాళ్లం ధర్నా చేద్దామనుకుంటున్నాం. తోటలున్నవాళ్లు సగం ఊరు మామీద కోపంగా ఉండారు, ఫ్యాక్టరీ రావాలంటారు. ఏం చేయమంటారు?
— డిగ్రీ విద్యార్థి

జవాబు: నాయనా, ధర్నాకు ముందు ఒకటి తెలుసుకో. పబ్లిక్ హియరింగ్, అంటే ప్రజాభిప్రాయ సేకరణ, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద వచ్చేది. దాని జాబితాలో ఉన్న ప్రాజెక్టులకే వర్తిస్తుంది, గుజ్జు ఫ్యాక్టరీ ఆ జాబితాలో లేదు. నువ్వు గొంతు చించుకుని అడిగితే "వర్తించదు" అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది, ఈలోగా పునాదులు లేస్తాయి. రేపు మీ దగ్గరికి పెద్ద గనో, సిమెంటు ఫ్యాక్టరీయో వస్తే అప్పుడు హియరింగ్ సంగతి గుర్తు పెట్టుకో. ముప్పై రోజుల ముందు పేపర్లలో ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి, కలెక్టరో ఆయన తరఫు అధికారో కూర్చోవాలి, నువ్వు అన్న ప్రతి మాటా రికార్డవ్వాలి.

గుజ్జు ఫ్యాక్టరీకి తలుపులు వేరే. స్థలం ఏ జోన్‌లో ఉందో చూసేది పట్టణాభివృద్ధి సంస్థ, మీకైతే చుడా. ఫ్యాక్టరీ పెట్టడానికి ఒకటి, నడపడానికి ఒకటి అనుమతులిచ్చేది కాలుష్య నియంత్రణ మండలి. మూడోది మీ గ్రామసభ తీర్మానం. ఈ మూడింటికీ ఒకే కాగితం నకళ్లు పోవాలి.

కాగితంలో ఏముండాలో క్యాలెండరు చూస్తే తెలుస్తుంది. తోతాపురి సీజను జూన్, జూలై. బడులు తెరిచేదీ జూన్‌లోనే. కాయ దిగినప్పుడు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి వరస కట్టడం జిల్లాలో అందరం చూస్తున్నదే. డ్రైవర్లు అక్కడే పడుకుంటారు, అక్కడే వండుకుంటారు, చెంబు పట్టుకుని పక్క పొలాల్లోకి పోతారు. ఆ వరస మధ్యలోంచి ఒకటో తరగతి పిల్లలు బడికి దాటాలి. కాయ కడిగిన నీళ్లూ తొక్కూ టెంకలూ ఒక్కరోజు నిలిస్తే పులిసి కంపు, ఆ వెంటనే ఈగలు. అంగన్‌వాడీలో పిల్లలు కూర్చుని అన్నం తినే చోటికి ఈగ ఎంతసేపట్లో వస్తుందో కొలవక్కర్లేదు. ఆ నెలల్లో మన దగ్గర గాలి పడమటి నుంచి వీస్తుంది. మీ బడి స్థలానికి తూర్పున ఉందా? ఉంటే వాసనంతా బడికే.

తోటలవాళ్లతో తగువు పెట్టుకోవద్దు. వాళ్లు ఫ్యాక్టరీ కావాలంటున్నారు, బడి ముందే కావాలనడం లేదు. వాళ్లను పిలిచి, గేటు రెండోవైపు పెట్టించడం, ట్రాక్టర్లకు లోపలే యార్డు, డ్రైవర్లకు మరుగుదొడ్లు, సీజను మొదలయ్యేలోపు మురుగునీటి శుద్ధి ప్లాంటు నడవడం, వంకలోకి ఒక్క ట్యాంకరూ వదలకపోవడం అడుగుదామా అని చూడు. వరసలో రెండు రాత్రులు ట్రాక్టరు మీద పడుకున్న రైతే యార్డు కావాలని అందరికంటే ముందు సంతకం పెడతాడు. స్థలమే మార్చమని అడగాలని ఊరు తేల్చుకుంటే అదీ రాయండి. నాకైతే అదే సబబు అనిపిస్తుంది, అంగన్‌వాడీకి ఎదురుగా గుజ్జు ఫ్యాక్టరీ ఏమిటి!

ప్రశ్న: ఆరోగ్యశాఖ వేరు, టౌన్ ప్లానింగ్ వేరు. ఈ రెంటినీ కలపాలనడం ఈమధ్య విదేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్ కాదా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మాస్టారూ, తిరగేసి చెప్పాలి. రెండూ కలిసి పుట్టి, తర్వాత విడిపోయాయి. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. ఇరుకు గదులు, గాలి ఆడని సందులే కారణమని 1898లో అక్కడ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీలో టౌన్ ప్లానింగ్ చట్టం 1920లో వచ్చింది. 1911లో ఏర్పడిన మన చిత్తూరు జిల్లా అప్పుడు అందులోదే. ప్రజారోగ్య చట్టం 1939లో వచ్చింది, దేశంలో ఆ తరహా చట్టాల్లో అదే మొదటిది. రెండూ తర్వాత ఆంధ్రకు వారసత్వంగా వచ్చాయి. 74వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పన్నెండో షెడ్యూలు తీసి చూడండి. అందులో మున్సిపాలిటీలకు రాసిన పనుల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగ నియంత్రణ, ఆరోది ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం. మూడూ ఒకే మున్సిపాలిటీ ఒళ్లో పెట్టారు.

విడదీసింది గదులే. మా రోజుల్లో మేడమీద ప్లానింగు, కింద శానిటేషను. మా జ్వరాల రిజిస్టరు మెట్లెక్కేది కాదు, వాళ్ల పటం మెట్లు దిగేది కాదు. 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శి, శానిటేషన్ కార్యదర్శి, ఆరోగ్య కార్యదర్శి ఒకే హాల్లో కూర్చుంటున్నారు. కుర్చీలు దగ్గరయ్యాయి, ఫైళ్లింకా కాలేదు.

విదేశాల మాటకొస్తే, ఒక ప్రాజెక్టో ప్లానో ఖాయమయ్యేలోపే దానివల్ల ఎవరి ఆరోగ్యం ఏమవుతుందో చూసే పద్ధతికి 1999లో గోథెన్‌బర్గ్ పత్రం ఒక రూపం ఇచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయం తరఫున. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2004, 2006 మధ్య నగర ఆరోగ్యశాఖే ముందుకొచ్చి, తూర్పు పేటల భూవినియోగ ప్లాన్ల మీద అక్కడి సంఘాలను కూర్చోబెట్టి మాట్లాడించింది. మన దేశంలో జోన్ మార్పుకు ఆరోగ్య అంచనా తప్పనిసరి అనే చట్టం లేదు. ఉంటే ఆ గృహిణి చార్టు పేపరు కొనాల్సిన పని ఉండేది కాదు. ఎవరో కన్సల్టెంటు కొనేవాడు, డెంగీ వీధులు ఏవో మళ్లీ ఆమెనే అడిగేవాడు.

ప్రశ్న: మా కాలనీ పార్కు స్థలంలో గుడి కట్టాలని కొందరు, ఓపెన్ జిమ్ పెట్టాలని కొందరు, క్లినిక్ కట్టిస్తామని ఒక డాక్టరుగారు. ఆరోగ్యం కోసమే కదా, క్లినిక్ మంచిది కాదా?
— కాలనీ సంఘం కార్యదర్శి, తిరుపతి

జవాబు: కాదు. బెంగళూరులో ఇదే జరిగింది. పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు ఇస్తే చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెళ్లారు, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రి ఎంత మంచిదైనా పార్కు చోటు దానిది కాదు. ఆ స్థలం గిఫ్టు డీడుతో స్థానిక సంస్థకు చేరిందో లేదో ముందు చూసుకోండి, చాలాచోట్ల చేరి ఉండదు. జిమ్ సామాన్లకు ముందు రెండు వేపచెట్లు, నాలుగు బెంచీలు, చుట్టూ నడిచే బాట. మే నెలలో మన ఊళ్లో ఎండకు కాలిన ఇనుప కడ్డీ ఎవరు పట్టుకుంటారు? అరవై దాటినవాళ్లనూ, పదేళ్ల లోపు పిల్లలనూ విడివిడిగా అడగండి. సంఘం మీటింగులో ఆ రెండు రకాలూ మాట్లాడవు.

ప్రశ్న: అమ్మా, నేను ఆశా కార్యకర్తను. లేఅవుట్‌వాళ్లు ప్లాన్ ఆఫీసులో ఇవ్వడానికి జ్వరాలు వచ్చినవాళ్ల లిస్టు ఇమ్మంటున్నారు. ఇవ్వకపోతే నిష్ఠూరం, ఇస్తే ఏమవుతుందోనని భయం.
— తిరుపతి జిల్లా

జవాబు: లిస్టు ఇవ్వకు తల్లీ. జ్వరమొక్కటే ఉండదు నీ రిజిస్టరులో. టీబీ ఉంటుంది, గర్భం పోయినామె ఉంటుంది, ఇంకా ఎవరికీ తెలియకూడనివి ఉంటాయి. ఒక పేజీ ఫోటో బయటికి పోతే రేపు నీకు ఎవరూ తలుపు తీయరు. కాలనీవాళ్లు తమ ఇంటి సంగతి తామే చెప్పుకుని పటం మీద గుర్తు పెట్టుకోవచ్చు, దానికి నీ రిజిస్టరు అవసరం లేదు. వీధులవారీగా మొత్తం ఎన్ని కేసులనే అంకె కావాలంటే పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరును రాతపూర్వకంగా అడగమను. ఆయన ఇస్తే ఇస్తారు.

నువ్వు చేయగలిగింది ఇంకోటుంది, అది లిస్టుకన్నా గట్టిది. మీ గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఉంది కదా, ఏడాదికి పదివేల రూపాయల నిధి వచ్చేది. వచ్చే మీటింగులో వంక సంగతి, నీళ్లు నిలిచే చోట్ల సంగతి ఎజెండాలో పెట్టించు. ఫలానా చోట నీళ్లు నిలుస్తున్నాయి, అక్కడ కొత్త ఇళ్లు రాకముందే కాలువ కావాలి అని తీర్మానం రాయించి, మినిట్సు పుస్తకంలో సంతకాలు పెట్టించు. ఆ పేజీ నకలు కాలనీవాళ్లు తమ అర్జీకి జతచేసుకోవచ్చు. అప్పుడది ఆరోగ్య కమిటీ చెప్పిన మాట అవుతుంది, నువ్వొక్కదానివే చెప్పినట్టు ఉండదు.

వాళ్ల మీటింగుకు నిన్ను పిలిస్తే వెళ్లు. వెళ్లేముందు ఏఎన్‌ఎంకు ఒక మాట చెప్పు, తర్వాత తలనొప్పి ఉండదు. రిజిస్టరు మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లు.